తల్లి పేరు దగ్గర ఓపల్

మా కెంటకీ కొండల్లో ఎవరి పిల్లలు ఎవరింట్లో పెరుగుతున్నారని ఎవరూ ఆరా తీయరు. తండ్రి గనిలో పోయినా, తల్లి మత్తుమాత్రల పాలై చేతికందకుండా పోయినా, అమ్మమ్మో పెద్దమ్మో పిల్లను చంకనేసుకుని ఇంటికి తెస్తుంది, పళ్లెంలో ఇంకో ముక్క మొక్కజొన్న రొట్టె వేస్తుంది. అంతే, పెంపకం మొదలైపోయినట్టే. దానికి కోర్టుకెక్కి కాగితం రాయించుకోవడమా? ఛీ ఛీ! నా కూతురు బిడ్డను సాకలేని మనిషని జడ్జి ముందు నిలబడి ఏ తల్లి చెబుతుంది?

ఓపల్ స్లోన్ కూడా చెప్పలేదు. ఆమె కూతురు టామీ, తండ్రి లేని నాలుగేళ్ల డార్సీని వరండాలో దింపి, "శుక్రవారానికల్లా వచ్చేస్తా" అని కారెక్కి ఒహాయో వైపు వెళ్లింది. మళ్లీ రాలేదు. ఓపల్ మాత్రం చాలా ఏళ్లు ప్రతి శుక్రవారం పింటో చిక్కుడు గింజలు కాస్త ఎక్కువే ఉడకేసేది. ఎవరైనా అడిగితే, "మిగిలితే రేపు తింటాం, నీకేం నొప్పి?" అని కసిరేది.

బడి కాగితాల్లో తల్లి పేరు అడిగినప్పుడల్లా డార్సీ అమ్మమ్మ మొహం చూసేది. "నా పేరే రాయి. పొద్దున్నే నీ తల దువ్వేది ఎవరు?" అనేది ఓపల్. అలా టీకాల కార్డు మీదా, బస్సు పాసు మీదా, హైస్కూలు చదువు పూర్తయినప్పటి కాగితం మీదా ఓపల్ స్లోనే తల్లి అయి కూర్చుంది.

తాత బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే ఆయన ఆక్సిజన్ గొట్టాలు కడిగి, మిషను చూసుకున్నది డార్సీయే. ఆయన పోయాడు. మొన్న చలికాలంలో ఓపల్ కూడా పోయింది. పందొమ్మిదేళ్ల పిల్ల, కొండ మలుపులో ఒక్కతే మిగిలింది. అన్నీ చవగ్గా అమ్మే డాలరు కొట్టులో పనిచేసి ఇంటికొచ్చేది. వంటింట్లో నిలబడే తినేది, ఎందుకంటే కూర్చుంటే ఎదురుగా ఖాళీ కుర్చీ కనబడేది. టీవీ పెట్టేది, చూడ్డానికి కాదు, ఇంట్లో ఏదో ఒక గొంతు వినబడాలని. చచ్చేంత ఒంటరితనం అది, ఇంకో మాట లేదు దానికి.

ఆ ఏడు వసంతంలో ఆమె ధైర్యం చేసి పట్నంలోని కమ్యూనిటీ కాలేజీలో శ్వాస వైద్యం కోర్సుకు దరఖాస్తు పెట్టుకుంది. సీటు వచ్చింది. ఇక ఫీజుకు సర్కారు సహాయం రావాలి. అది రాకపోతే చదువు లేనట్టే, జన్మంతా ఆ కొట్టులో డబ్బాలు సర్దుకోవడమే. లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ సహాయం దరఖాస్తు నింపుతుంటే తల్లి పేరు అడిగింది. చెయ్యి అలవాటుగా ఓపల్ స్లోన్ అని కొట్టేసింది.

వేసవిలో కాలేజీ సహాయ విభాగం నుంచి పిలుపొచ్చింది. అక్కడ మిసెస్ గేహార్ట్ అని ఒకావిడ, ముక్కు చివర కళ్లజోడు, బల్ల మీద ఎప్పుడూ చల్లారిపోయిన కాఫీ.

"ఓపల్ గారు నీకేమవుతారమ్మా?"

"అమ్మమ్మండీ."

"మరి తల్లని రాశావేం?"

"ఎప్పుడూ అలాగే రాస్తానండీ."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "దత్తత కాగితంగానీ, నీ బాధ్యత ఆవిడదేనని కోర్టు ఇచ్చిన కాగితంగానీ ఏమైనా ఉందా?"

"మావాళ్లు కోర్టుకెళ్లరండీ."

"నాకు తెలీదా! నేనూ ఈ కొండల మనిషినే, నా మేనల్లుణ్ణి నేనూ అలాగే పెంచా. కానీ ఆ కాగితం ముక్క ఉండుంటే నీ పని ఇక్కడే, ఇప్పుడే అయిపోయేది. సర్కారు లెక్కలో అమ్మమ్మ తల్లి కాదు. మీ అమ్మ తన ఆదాయం వివరాలిచ్చి సంతకమైనా పెట్టాలి. లేదంటే ఆమెకూ నీకూ ఏ సంబంధమూ లేదని నువ్వు రాసివ్వాలి. అది నిజమేనని చుట్టం కానివాళ్లు ఎవరైనా రాయాలి. ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోపు తేలకపోతే సీటు ఇంకొకళ్లకి పోతుంది."

"చుట్టం కానివాళ్లా?" డార్సీకి ఆ బాధలోనూ నవ్వొచ్చింది. "మా లోయలో కుక్కలు కూడా చుట్టాలేనండీ."

అయితే ఒకాయన ఉన్నాడు. డెన్‌జిల్ అని, స్కూలు బస్సు నడిపి రిటైరైన ముసలాయన. వర్జీనియా నుంచి కొండ దాటి వచ్చి జీవితమంతా ఇక్కడే గడిపాడు, కానీ పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాకుండానే మిగిలిపోయాడు. డార్సీ వెళ్లేసరికి వరండాలో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తున్నాడు.

విషయం విని పడీపడీ నవ్వాడు. "పైఊరోడా, పైఊరోడా అని నన్ను ఇన్నాళ్లూ ఏడిపించుకు తిన్నారు కదే మీ వాళ్లంతా! ఇవాళ ఈ పైఊరోడే దిక్కయ్యాడా?"

"దెప్పకు డెన్‌జిల్ తాతా. రాస్తావా, రాయవా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టాడు. "రాస్తాలే. కానీ మీ అమ్మనీ ఆ బస్సులో తిప్పింది నేనే పిల్లా. నా వెనక సీట్లో కూర్చుని ఒకటే కబుర్లు చెప్పేది. దాని వెనకాల దాని మీద రాయమంటే చెయ్యి రావట్లేదు. ముందు దానికో మాట చెప్పు."

"ఎక్కడుందని చెప్పను?"

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. "నా దగ్గర నంబరుంది. ఓపల్ పోయినప్పుడు చేసింది, ఎక్కడ పాతిపెట్టారని అడగడానికి."

"నీకు చేసిందా? నాకు చెయ్యలేదే!"

"నీకు చెయ్యాలంటే భయమట."

మర్నాడు కొట్టు వెనక అట్టపెట్టెల మధ్య నిలబడి డార్సీ ఫోను చేసింది.

"నేను డార్సీని."

అటునుంచి "నా డార్సీవా?" అంది ఒక బొంగురు గొంతు. "అయ్యో దేవుడా! అచ్చం మా అమ్మ గొంతేనే నీది."

డార్సీ ముందుగా అనుకున్నది అనుకున్నట్టు, ఆగకుండా చెప్పేసింది. తిట్టలేదు, ఏడవలేదు. టామీ మాత్రం ఏడ్చింది. మాత్రలు మానేశానంది, డేటన్‌లో ఒక గోదాంలో పనంది. "దానికేముంది బంగారం! సంతకమేగా, పెట్టేస్తా. వాళ్లను లింకు పంపమను. శుక్రవారానికల్లా అయిపోతుంది."

శుక్రవారం అన్న మాట వినగానే డార్సీ పక్కనున్న అట్టపెట్టెను కాలితో నెట్టేసింది. ఇంకే రోజైనా చెప్పి ఉండొచ్చు కదా ఆ మనిషి! అయినా ఆశ చావలేదు. మిసెస్ గేహార్ట్ లింకు పంపింది. శుక్రవారం డార్సీ సాయంత్రం దాకా ఫోను జేబులోంచి తీస్తూ పెడుతూ ఉంది. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించి, చూసుకుంటే పింటో గింజలు ఇద్దరికి పోసింది. తన మీద తనకే ఒళ్లు మండింది. గిన్నె దించి వాగు గట్టు మీద పారబోసింది.

ఆ శుక్రవారం పోయింది, ఇంకోటీ పోయింది. మళ్లీ ఫోను చేసి బతిమాలడానికి అభిమానం అడ్డొచ్చింది. అటునుంచీ ఫోను లేదు. జులై నెలంతా అలాగే కరిగిపోయింది.

చివరికి మిసెస్ గేహార్టే పిలిపించింది. "ఇక ఆగలేనమ్మా. రేపటితో సరి. నువ్వే రాసెయ్యి. ఆవిడ మాటిచ్చి చెయ్యలేదని కూడా రాయి, అది నీకు సాయపడుతుంది."

డార్సీ ఆ గది మూల చిన్న బల్ల దగ్గర కూర్చుంది. ఎవరికీ చెప్పుకోని సంగతులన్నీ ఎవరో తెలియని ఆఫీసరు చదవడానికి రాయాలి. వరండా, కారు, అమ్మమ్మ ఉడకేసిన గింజలు, అన్నీ రాసింది. చివర్లో, "మా అమ్మ శుక్రవారం చేస్తానంది. చెయ్యలేదు. మా అమ్మకు నేను అక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టింది. డెన్‌జిల్ ఉత్తరం దానికి జత చేశారు. అందులో ఆయన రాసింది ఇంతే: ఈ పిల్ల బడికెళ్లినన్నాళ్లూ బస్సు దగ్గరికి ఓపల్ తప్ప ఎవరూ రాలేదు, అది నేను కళ్లారా చూశాను.

సహాయం మంజూరైంది. ఫీజూ, పుస్తకాలూ, పైన పెట్రోలుకు కాస్త. ఈమెకు తల్లిదండ్రుల ఆధారం లేదని, ఒంటరిగా లెక్కించాలని ఆ కాగితంలో ఉంది. డార్సీ కారులో కూర్చుని దాన్ని చదువుకుంది. సంతోషం వేసింది, నిజమే. ఎవరికి చెప్పాలో తోచలేదు. డెన్‌జిల్ ఇంటికి వెళ్లి చెప్పింది. ఆయన వేయించిన పచ్చి టమాటాలు పెట్టాడు. ఇద్దరూ తిన్నారు.

క్లాసులు మొదలై మూడో వారంలో కాలేజీ వరండాలో మిసెస్ గేహార్ట్ ఎదురై, ఒక్క నిమిషం లోపలికి రమ్మంది. తలుపు మూసింది.

"నీ సహాయానికి ఢోకా లేదు, అది తేలిపోయింది. కంగారుపడకు. కానీ నీ పాత దరఖాస్తు మూసేద్దామని చూస్తే ఒకటి కనబడింది. మీ అమ్మ దాన్ని తెరవడానికి ప్రయత్నిస్తూనే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"లింకు పంపిన రోజు నుంచే. అది తెరుచుకోవాలంటే బిడ్డ పుట్టినతేదీ కొట్టాలి. సెప్టెంబరులో ఏదో తేదీ కొట్టింది, కాదంది. నవంబరు తేదీ కొట్టింది, కాదంది. తప్పులెక్కువై తాళం పడిపోయింది. తెరిపించుకుని మళ్లీ కొట్టింది, మళ్లీ తప్పే. నిన్న కూడా చూసింది. ఇక దాని అవసరం లేదని ఆవిడకు తెలీదు పాపం."

డార్సీ కుర్చీ అంచు పట్టుకుంది. "నన్నడగొచ్చుగా? నా నంబరుందిగా ఆమె దగ్గర!"

"ఏ మొహంతో అడుగుతుందమ్మా?" అంది మిసెస్ గేహార్ట్.

తను రాసిచ్చిన ఆఖరి వాక్యం డార్సీకి గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డ పుట్టినరోజు గుర్తులేని తల్లి మీద కోపం, గుర్తు లేదని చెప్పుకోలేక అన్నాళ్లు ఆ నంబర్లతో కుస్తీ పట్టిన మనిషి మీద జాలి. రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి, ఏది ముందో ఆ పిల్లకు తేల్చుకోవడం చేతకాలేదు.

"మూసెయ్యమంటావా మరి?"

"వద్దండీ. కొన్నాళ్లు అలా ఉండనివ్వండి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. క్లాసుకు వేళైంది, తోటిపిల్లలు పక్కనుంచి లోపలికి పోయారు. ఫోను తీసి టామీ నంబరు తెరిచింది. ఏవేవో రాసి చెరిపేసింది. ఆఖరికి ఒక్క ముక్క రాసి పంపింది.

"అమ్మా, అక్టోబరు ఇరవై మూడు."