గట్టు మీది గుమ్మం

పటమటలో మేముండే అపార్టుమెంటుకు నిన్న పొద్దున జనాభా లెక్కల కుర్రాడు వచ్చాడు. అతనికంటే ముందు వాచ్‌మన్ వచ్చాడు. బెల్లు కొట్టి, గొంతు బాగా తగ్గించి, "సార్, ఎవరో కుర్రాడండి. మెళ్ళో కార్డేసుకుని తలుపుల పక్కన నంబర్లు రాస్తన్నాడు. కార్డు నిజందో కాదో మీరోసారి చూద్దురూ" అన్నాడు. చూశాను. నిజమైనదే. కుర్రాడు మా గుమ్మం పక్కన గోడ మీద నల్ల మార్కరుతో అంకె రాసి, అడగవలసినవి అడిగి, మంచినీళ్ళు వద్దని చెప్పి పై అంతస్తుకు వెళ్ళాడు. నేను తలుపు వేసుకోకుండా ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాను. భుజం మీది తుండుతో దాన్ని తుడిచేద్దామా అని ఒక్క క్షణం బుద్ధి పుట్టింది. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కాగితాల మీద అంకెలు వేసినవాడికి పుట్టవలసిన బుద్ధి కాదది. అది మా మేనత్తది. కొన్ని గుణాలు ఆస్తిలాగా పంచుకుంటే రావు, జలుబులాగా అంటుకుంటాయి.

మా ఊరు కంకిపాడుకు అవతల, హనుమాన్ జంక్షన్‌కు ఇవతల, ఆ రెండు ఊళ్ళవాళ్ళూ అదెక్కడో తమకు సరిగా తెలియదని చెప్పేంత దూరంలో ఉంటుంది. పల్లె అందామంటే సినిమా హాలుంది, పట్నం అందామంటే ఆ హాలు నిండా ధాన్యం బస్తాలున్నాయి. ఊరి మధ్యగా కాలవ పోతుంది. పడమటి ఒడ్డున బజారు, బస్టాండు, పంచాయతీ ఆఫీసు, రైసు మిల్లు. తూర్పు ఒడ్డున మగ్గాల వీధి, దాని వెనక వరి పొలాలు, పొలాలు దాటితే మురుగు కాలవ. ఎగువన లాకు, దిగువన వంతెన. ఆ రెండిటి మధ్య, పడమటి గట్టు మీద, మిల్లుకు ఎదురుగా వరసగా ఉండేవి గట్టిళ్ళు. ఎండాకాలం కాలవ కట్టేశాక పిల్లలు కాలవ అడుగున క్రికెట్ ఆడేవారు, ఆడవాళ్ళు వంతెన దాకా నడవకుండా అడ్డం పడి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయేవారు. అంటే మాది ఎండాకాలం ఒక ఊరు, నీళ్ళు వదిలాక రెండు ఊళ్ళు. నీళ్ళు వదిలిన రోజు నా డైరీలో ఏటా ఎర్ర సిరాతో ఉంటుంది.

ఊరి భూగోళం అంత తేలిక. జనాభా సంగతి అలా కాదు. మా ఊళ్ళో ఎంతమంది ఉన్నారంటే, ఆ జవాబు అడిగినవాణ్ణి బట్టి ఉండేది. బస్సు వెయ్యమని అర్జీ పెట్టేటప్పుడు వేలకు వేలు ఉండేవాళ్ళం. ఇంటిపన్ను మనిషి వస్తే అందులో సగమయ్యేవాళ్ళం. పంచాయతీని పట్టణం చేస్తారని, చేస్తే పన్నులు పెరుగుతాయని పుకారు పుట్టిన ఏడాది ఊళ్ళో సగంమంది ఉన్నపళంగా చుట్టాలైపోయారు. "మా మరిది ఇక్కడుండడండీ, చూసిపోదామని వచ్చాడు" అని మా పక్కింటావిడ చెప్పింది. ఆ మరిది అప్పటికి పదేళ్ళ పైనుంచి చూస్తూనే ఉన్నాడు.

మా మేనత్త మగ్గాల వీధిలో పుట్టింది. కాలవ దాటి అవతల లాకు దగ్గర పనిచేసే లస్కరును చేసుకుంది. లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. మావయ్య ఉద్యోగం అయిపోయాక క్వార్టరు ఖాళీ చేసి, అక్కడికి పిలుపు దూరంలో గట్టు మీదే తాటాకు పాక వేశారు. తరవాత పెంకుటిల్లు కట్టారు. లాకుకు పాత టేకు తలుపులు తీసి ఇనుపవి బిగించినప్పుడు, వేలంలో ఆ చెక్క కొని మావయ్య ఇంటికి ద్వారబంధం చేయించాడు. బతుకంతా నీళ్ళను ఆపిన చెక్క అది. మా అత్తయ్య దాన్నీ నమ్మలేదు. వరద కాలంలో దాని మీద చెయ్యి పెట్టి చెమ్మ దిగిందేమో చూసుకునేది.

ఆవిడ అనుమానం గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వాన కురిసిన రోజు పాలు పోయించుకునేది కాదు, పాలవాడికి ఆ రోజు సాకు దొరుకుతుందని. బస్సు ఖాళీగా వస్తే ఎక్కేది కాదు. "అందరూ ఎందుకు దిగిపోయారో తెలియొద్దూ?" అనేది. నేను డైరీ రాస్తానని తెలిసినప్పటి నుంచి నా జేబు వైపు చూస్తూ మాట్లాడేది. ఒకసారి అడిగేసింది: "అందులో నా గురించి ఏం రాస్తన్నావురా?" ఏమీ రాయలేదు, ఇవాళ ఎండ బాగా ఉందని రాశానన్నాను. "దానికి పుస్తకం ఎందుకు, వీధిలోకొస్తే తెలవదూ?" అంది. నమ్మలేదని ఆ గొంతే చెప్పింది.

అయితే ఆవిడ అనుమానాల్లో ఒకదానికి గట్టి కారణం ఉంది. క్రితంసారి జనాభా లెక్కలకు కొన్నేళ్ళ ముందు బజారు రోడ్డు వెడల్పు చేశారు. మొదట ఎవరో వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి, నవ్వుతూ పలకరించి వెళ్ళారు. ఆ తరవాత యంత్రం వచ్చింది. గుర్తు దాకా ఉన్న ఇంటిని కేకు కోసినట్టు కోసుకుపోయింది. మంగలి షాపులో అద్దం ఉన్న గోడ ఒక్కటే మిగిలింది. చాలా రోజుల పాటు అందులో లారీలు వస్తూ పోతూ కనిపించేవి. అప్పటి నుంచి మా ఊళ్ళో గోడ మీద ఎవరైనా ఏదైనా రాస్తే ఆ ఇంటికి రోజులు దగ్గరపడ్డాయని లెక్క.

ఆ లెక్కలు వచ్చింది నేను రిటైరై ఊళ్ళో ఉంటున్న కొత్తలో. లెక్కలకు వేసిన ఆవిడ హైస్కూలు టీచరు, పొరుగూరి మనిషి. హద్దులు చూపించమని పంచాయతీ వాళ్ళు నన్ను తోడిచ్చారు. నేను ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాణ్ణి, మా కాలవ మ్యాపును ఎన్నిసార్లు గీశానో. ఆ మ్యాపులో లాకుకూ వంతెనకూ మధ్య గట్టంటే రెండు సమాన గీతలు, వాటి పక్కన చెట్లకు గుర్తుగా చిన్న సున్నాలు. ఇళ్ళు లేవు. గట్టు ఆఫీసుది కాబట్టి దాని మీద ఎవరూ ఉండరని ఆఫీసు నమ్మకం. నేను చిన్నప్పుడు చద్దన్నం తిన్నది మాత్రం ఆ రెండు గీతల మధ్యే.

టీచరు గట్టిళ్ళతోనే మొదలుపెట్టింది. ముందు ఇళ్ళకు నంబర్లు వెయ్యాలి, తరవాత ఆ నంబర్లు పట్టుకునే మనుషుల్ని లెక్కించాలి. మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని మగ్గాల వీధివాళ్ళకు నూలు కండెలు చుడుతోంది. టీచరు గోడ మీద అంకె వేసేదాకా ఊరుకుని, అప్పుడు రాట్నం ఆపింది.

"ఎవరమ్మా నువ్వు?"

"జనాభా లెక్కలకొచ్చానండీ మామ్మగారూ. హైస్కూల్లో టీచర్ని."

"సెలవలు గదా. ఇంటిపట్టున ఉండక ఎండలో మా గోడలు కొలుస్తన్నావేం?"

"గోడలు కాదండీ, మనుషుల్ని లెక్కేస్తన్నాం."

"మనుషుల్ని లెక్కేసేదానివి మనుషుల మీద రాసుకో. గోడ మీదెందుకు?"

టీచరు నా వైపు చూసింది. అత్తయ్యా చూసింది. "ఓహో, వీణ్ణి వెంటేసుకొచ్చావా. అయితే తెలిసింది. వీడు కాలవాఫీసోడు. మా ఇల్లు మ్యాపులో లేదని వీడే చెప్పాడు నాతో. ఏరా, మ్యాపులో లేని కొంపకి నంబరెందుకు?"

"నేను రిటైరయ్యానత్తయ్యా."

"పాము కుబుసం విడిస్తే తాడవుద్దా?"

మేము మిగతా గట్టిళ్ళకు కూడా నంబర్లు వేసి వచ్చాం. మర్నాడు పొద్దున బజారుకు వెళ్ళినవాడిని వెళ్ళినట్టే ఆగిపోయాను. లాకు నుంచి వంతెన దాకా గట్టు తెల్లగా మెరిసిపోతోంది. వరసన ప్రతి ఇంటికీ సున్నం. ఏం పండగని బస్సులోవాళ్ళు తలలు బయటపెట్టి అడుగుతున్నారు. నంబరన్నది ఒక్కటి లేదు. చివరింటి ముందు మా అత్తయ్య, ఆ వయసులో, సున్నం కుంచెతో నిలబడి పని సరిగా అయిందో లేదో చూస్తోంది.

టీచరు మిల్లు గేటు నీడలో నిలబడి ఉంది. నిన్న వేసిన నంబర్లు ఇవాళ లేవంటే, ఇళ్ళు చూడకుండానే రాసుకొచ్చిందని పైవాళ్ళంటారని ఆవిడ భయం. భయంలో ఆవిడకూ అనుమానం పుట్టింది. "సార్, నిన్న సాయంత్రం మీరు మళ్ళీ గట్టు మీదికెళ్ళారంట కదా?"

"మామిడికాయలిచ్చొచ్చానమ్మా."

"అంతేనా సార్?"

అంతే. కానీ ఆ మాట నా చెవికే నిజంలా వినిపించలేదు.

అప్పుడు మిల్లు ఆసామి బయటికి వచ్చాడు. టీచరుకు కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. అతని లారీలు ఎప్పుడూ రోడ్డు పొడుగునా ఆగి ఉండేవి. ఎదర గట్టు ఖాళీగా ఉంటే ఎంత బాగుండేదో అని ఏళ్ళ తరబడి పంచాయతీ ప్రెసిడెంటు చెవిలో వేస్తున్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు, పొరుగూరి టీచరుకు తప్ప. "వాళ్ళ జోలి వదిలెయ్యండి మేడమ్. అయ్యేమన్నా ఇళ్ళా? కాలవ గట్టు, మనుషుల్లేరు అని రాసెయ్యండి. మీకూ శ్రమ తప్పుద్ది" అన్నాడు. టీచరు నుదుటి చెమట తుడుచుకుంది. ఆవిడ కలం మూత తీయడం నేను చూశాను. అలా రాస్తే ఆ వరసంతా ఊరి లెక్కలో లేకుండా పోతుంది. నా మ్యాపే ఖాయమవుతుంది.

మిల్లుకూ గట్టుకూ మధ్య ఉన్నది ఒక రోడ్డు. మిల్లు ఆసామిది పెద్ద గొంతు. మా అత్తయ్య కుంచె బక్కెట్లో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ రోడ్డు దాటింది. అంతకు ముందెప్పుడూ ఆవిడ మిల్లు గేటులో అడుగుపెట్టడం నేను ఎరగను.

"ఏమయ్యా, ఇన్నేళ్ళుగా ఎదురుగా ఉన్నాం. మాకెప్పుడన్నా మజ్జిగ పోయించావా?"

"అదేంటి పిన్నిగారూ, మీరడగాలే గానీ..."

"అడక్కుండా పోసే మజ్జిగ్గురించే అంటన్నా. నంబరొద్దని నేనంటే భయపడి అన్నా. నువ్వెందుకంటన్నావ్?"

"మీ మంచికే కదండీ."

అత్తయ్య అతన్ని కాసేపు పరకాయించి చూసింది. బస్సు ఖాళీగా వచ్చినప్పుడు చూసే చూపది. తరవాత టీచరు వైపు తిరిగింది. "ఇతను మా మంచి కోరాడంటే ఈ నంబర్లో మాకేదో ఉందన్నమాట. లే అమ్మాయ్. వచ్చి రాయి."

సున్నం తడి ఆరలేదు, మార్కరు పట్టలేదు. టీచరు మధ్యాహ్నం దాకా గట్టు మీదే ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి మారుతూ కూర్చుంది. సున్నం ఆరాక మిగతా ఇళ్ళకు గోడ మీద రాసింది. అత్తయ్య ఇంటికి మాత్రం మార్కరు పనికిరాలేదు. "గోడయితే ఎవడైనా సున్నం కొడతాడు" అంది. ఆ మాట అనేటప్పుడు నవ్వలేదు. నాచేత ఎనామెల్ రంగు తెప్పించి, లాకు చెక్క ద్వారబంధం మీద, ఆఫీసు మ్యాపుల మీద రాసే అచ్చులాంటి రాతతో రాయించింది. ఆవిడకు చదువు రాదు. ముందు కిరాణాకొట్టు అబ్బాయిని పిలిచి చదివించుకుంది. అతన్ని పంపేసి, అతనికి కనబడకుండా పక్కింటి కోడల్ని పిలిచి చదివించుకుంది. ఇద్దరూ ఒకటే చెప్పాక గానీ నన్ను కుంచె కింద పెట్టనివ్వలేదు. మనుషుల లెక్కకు వచ్చినప్పుడు టీచరు వయసడిగితే, "ఎంతని రాస్తే నీకు లాభం?" అందట.

తరవాత కొన్నేళ్ళకు కాలవకు సిమెంటు వేశారు. గట్టిళ్ళు తీసెయ్యక తప్పలేదు. అక్కడ ఉన్నామని చూపించుకోగలిగిన వాళ్ళందరికీ మగ్గాల వీధి వెనక, మురుగు కాలవ దగ్గర స్థలాలిచ్చారు. అవి నంబర్ల వల్ల వచ్చాయో, రేషను కార్డుల వల్ల వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. గట్టువాళ్ళు మాత్రం నంబర్ల వల్లేనంటారు. ఖాళీ చేసే రోజు అందరూ ముందు పెంకులు దించుకున్నారు. మా అత్తయ్య ముందు ద్వారబంధం ఊడబీకించింది. కొత్త ఇంటికి అది పొట్టి అని మేస్త్రీ గొణిగితే, గోడ తగ్గించమంది. ఇప్పటికీ ఆ ఇంట్లోకి వెళ్ళేవాళ్ళు తల వంచుకునే వెళ్ళాలి. కొత్త ఇంటికి పంచాయతీ కొత్త నంబరిచ్చింది. గుమ్మానికి రెండు అంకెలు చూసి పోస్ట్‌మన్ ఏది నిజమని అడిగాడు. "పాతది. కొత్తది ఎవరు రాశారో ఇంకా తేలాలి" అంది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆవిడ కోడలుంటోంది. తలుపులకు రంగు వేయించినప్పుడల్లా ఆ అంకె ఉన్నంత మేర వదిలి వేయిస్తుంది. నేను మోకాళ్ళ డాక్టరుకు దగ్గరని పటమట వచ్చేశాను. కిందటి నెల ఊరికి వెళ్తే, లాకుకూ వంతెనకూ మధ్య గట్టు సాఫుగా ఉంది. ఒక పక్క మొక్కలు, ఇంకో పక్క మిల్లు లారీలు. నా మ్యాపూ నేలా మొత్తానికి ఒకటయ్యాయి. గీసినవాడు సంతోషించాలి. వంతెన మీద కాసేపు నిలబడి, మావయ్య ఇల్లు ఏ లారీ కింద ఉండేదో పోల్చుకోవాలని చూసి, పోల్చుకోలేక బస్సెక్కాను.

నిన్న ఆ కుర్రాడు పై అంతస్తుల పని చూసుకుని దిగి వస్తుంటే ఆపి అడిగాను, "బాబూ, ఈ అంకె ఎన్నాళ్ళుంటుంది?" అని. "లెక్క అయ్యేదాకా ఉంటే చాలండీ. తర్వాత మీరు తుడిచేసుకోవచ్చు" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మాట డైరీలో రాసుకున్నాను. కాలం మనందరితోనూ అనే మాట అదే, అంత మర్యాదగానే అంటుంది. మేమంతా సరేనన్నాం. మా అత్తయ్య ఒక్కతే దాని మాట నమ్మక, గుమ్మం ఊడబీకించి వెంట తీసుకెళ్ళింది.