పదకొండో రోజు కార్డు

నలభై ఏళ్లు దాటాక, ఉక్కు ప్లాంటు క్వార్టర్లున్న మా సెక్టారులో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రపు బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నా చేతిరాతను మొదటిసారి అచ్చులో చూసుకున్నది మా ఆయన పోయాక వేయించిన పదకొండో రోజు కార్డు మీద. తొంభైల్లో మాట.

సుపేలా బజారులో మేం వెళ్లిన ప్రెస్సులో తెలుగు అచ్చు లేదు. మా అమ్మాయికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. అందుకని తెలుగు ముక్క నన్నే రాయమంది. బొమ్మల కాలేజీలో చదివిన పిల్ల. కాగితం నిండా పెన్సిలుతో గళ్లు గీసి తెలుగు, హిందీ, ఇంగ్లీషు పక్కపక్కన పెట్టింది. దీపం బొమ్మ లేదు, పూలతీగ అంచు లేదు. వాళ్ల నాన్న ఫోటో, ఎడమ అంచుకు ఆనించిన అక్షరాలు, మిగతాదంతా తెల్లకాగితం.

ఇదెక్కడి పద్ధతే అంటే చెప్పింది. రెండు యుద్ధాల మధ్య జర్మనీ, రష్యాల వైపు మొదలైందట. రెండో యుద్ధం తర్వాత స్విట్జర్లాండు వాళ్లు గట్టిపరిచారట. అక్కడ ఒకే కాగితం మీద మూడు భాషలు పట్టాలి, ఏదీ చిన్నబోకూడదు. అందుకే గళ్లు, అందుకే సోకుల్లేని అక్షరం. చేసినవాడి గొప్ప కాదు, చెప్పే సంగతి కనబడాలి. నాకు నచ్చింది. సోకుల అక్షరాలు చదవడం నాకెప్పుడూ కష్టమే.

పక్కనే ఉన్న కోహ్కా నుంచి బావగారు వచ్చి నమూనా చూశారు. మా ఆయనకు అన్నగారు, ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మా వాళ్లలో ఇంటిపెద్ద పేరు కార్డుకు పైన, లావుగా ఉంటుంది. పిలుపు ఆయనదే అని లెక్క.

“ఏటే పాపా, సగం కాయితం కాళీగా ఒగ్గీసినావు? ప్రెస్సోడి కాడ సిరా అయిపోనాదేటి?”

“అలా వదిలితేనే సాఫ్‌గా కనబడుద్ది పెదనాన్నా.”

“నా పేరేదే?”

కింద బంధువుల పేర్లలో చూపించింది.

“ఇంటికి పెద్దోడికీ, నిన్న పుట్టిన గుంటడికీ ఒకే అచ్చరమా?”

“అందరికీ ఒకటే సైజు. నాన్నకి కూడా.”

ఆయన టీ ముట్టకుండా లేచిపోయారు. మార్చేయవే అన్నాను. “ఒక్క పేరు పెంచితే మొత్తం పోతుందమ్మా” అని ఏడ్చింది. తండ్రి కోసం అది చేయగలిగిన పని అదొక్కటే. మళ్లీ అనలేకపోయాను. కార్డు అలాగే వెళ్లింది.

పదకొండో రోజు పొద్దున్నే బావగారు దుర్గ్‌ స్టేషన్లో రైలెక్కి సొంతూరు వెళ్లిపోయారని తెలిసింది. నేను ఆ మాట పిల్లకు చెప్పలేదు. భోజనాలకు వచ్చినవాళ్లు కార్డు బాగుందన్నారు. అది తలూపింది గానీ కళ్లు రోడ్డు మీదే. అన్నదమ్ములిద్దరిదీ అచ్చం ఒకే పోలిక. వాళ్ల నాన్న మొహం ఇక ఎక్కడైనా మిగిలిందంటే ఆయన దగ్గరే. చివరి బంతి లేచేదాకా పిల్ల గేటు దగ్గరే నిలబడింది.