నడవనివ్వని ఉదయం

1969 వేసవిలో మేం చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్లం. ఒక ఉదయం ఇంటాయన నర్సింగరావు గారు ఛాతీ పట్టుకుని వరండాలోని కుర్చీలో కూలబడ్డారు. ఒళ్లంతా చెమట. నొప్పి ఎడమ చేతిలోకి పాకుతోందన్నారు.

“గ్యాసే. నారాయణగూడ దాక నడిస్తే పోతది,” అంటూ లేవబోయారు.

గ్రంథాలయంలో గుండెజబ్బుల పుస్తకం చదివిన నాకు భయం పట్టుకుంది. గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

“ఒక్క అడుగు కూడా వెయ్యకండి!”

“నీ లైబ్రరీ సదువు నా మీదనా? జరుగు!”

ఆ మాటతోనే ఆయన మొహం పాలిపోయింది. ఆయన భార్యా నేనూ కుర్చీలోనే మోసుకెళ్లి రిక్షా ఎక్కించాం. గుండెపోటేనన్నారు డాక్టరు. నడిచి ఉంటే ప్రాణానికే ముప్పట.

కోలుకున్నాక డాక్టరే సిగరెట్లు మాన్పించి, రోజూ నడవమన్నారు. తెల్లారగానే నేనే తలుపు తట్టేవాణ్ణి. చదివిన చదువుకు అంతకు మించిన సార్థకత నాకు తెలియదు.

“అప్పుడు నడవనియ్యలే, ఇప్పుడు కూసోనిస్తలేవు. ఏం కిరాయిదారువయ్యా!” అంటూనే ఆయన చెప్పులేసుకునేవారు.