మినుము కన్నార్పిన లెక్క

ఆ రోజుల్లో లెక్కకి లొంగనిది లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. పదో తరగతి తర్వాత బడి ముఖం చూడలేదు గాని, పాత పుస్తకాలు ముందేసుకుని శాతాలూ సగటులూ నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి విద్య ఎంత వస్తుందో చెప్పలేను, ధీమా మాత్రం రెండింతలు వస్తుంది. తెనాలిలో ఒక ధాన్యం మిల్లులో, కాటా పక్కన కూర్చుని బస్తాల తూకాలు రాసేవాణ్ణి. ఇంటి నుంచి మిల్లుకి వెయ్యిన్నీ నూటనలభై అడుగులు (వాన పడితే గుంతలు తప్పించుకోవాలి గనక ఇంకో ముప్పై). చుట్టాలంతా నన్ను లెక్కలోడు అనేవాళ్ళు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

ఒకసారి యంత్రం మరమ్మతుకొచ్చి మిల్లు వారం రోజులు మూసేస్తే, రైలెక్కి రేపల్లెలో మా మేనత్త ఇంటికి వెళ్ళాను. అత్తకి ఒక నల్ల ఊరకుక్క ఉండేది, పేరు మినుము. మామయ్య మూడుసార్లు పిలిచినా పలకని అత్త, మినుము ఒకసారి మూలిగితే చేతిలో పని వదిలేసి వచ్చేది. ఆ రోజు అది నాకు ఎదురు రాలేదు. గడ్డివామి పక్కన పడుకుని ముందుకాలితో ఎడమ కన్ను రుద్దుకుంటోంది. కంటి కింద బొచ్చు తడిసి చార కట్టింది.

"నిన్నట్నించీ ఇంతేరా అబ్బాయ్. అన్నం సగం వదిలేస్తోంది. ఇక్కడి పశువుల డాక్టరు గారు సెలవులో ఉన్నారంట. నువ్వు అవీ ఇవీ చదువుతావుగా, ఏంటో చూడు," అంది అత్త.

చూశాను. ఎరుపు ఉంది, నీరు ఉంది, రెప్ప టపటపా కొట్టుకుంటోంది. అంతకు ముందు నెలలోనే నాకు కండ్లకలక వచ్చి తగ్గింది. నాకున్న లక్షణాలు మూడు, దీనికున్నవి మూడు. మూడుకి మూడూ కలిశాయి గనక కండ్లకలకేనని తేల్చేశాను. ఒక్క కంటికే ఎందుకొచ్చిందని మామయ్య అడిగితే, రెండోది రేపొస్తుందని చెప్పాను.

కండ్లకలక అన్న మాట బయటపడ్డాక ఇక చెప్పాలా! చూస్తే అంటుకుంటుందని మామయ్య నల్లకళ్ళజోడు పెట్టుకున్నాడు. అత్త ఇంకో జోడు తెప్పించుకుని, అది పెట్టుకునే మినుముకి అన్నం కలిపేది. పక్కింటి పిన్నిగారు నందివర్ధనం పూలు ఇచ్చి, చల్లదనానికి కంటి మీద కట్టమన్నారు. తడిగుడ్డలో పూలు పెట్టి కట్టాం. మినుము వాటిని కాలితో లాగేసేది, మేం మళ్ళీ కట్టేవాళ్ళం. మామయ్య తన శుక్లాల ఆపరేషన్ నాటి చుక్కలమందు పట్టుకొచ్చి రెండు చుక్కలు వేసెయ్యమన్నాడు. సీసా మీద తేదీ చూశాను. గడువు తీరి పద్నాలుగు నెలలు. కుదరదన్నాను. మందుకి కూడా వయసు కడుతున్నానని ఆయన రెండు పూటలు నాతో ముభావంగా ఉన్నాడు.

మందు వేయకపోతే వైద్యం ఎలా అంటారేమో, నా వైద్యం వేరు. రోజూ సాయంత్రం నాలుగింటికి పూలకట్టు విప్పి, ఎనిమిది అడుగుల దూరంలో పీట వేసుకుని (అంటుకోకుండా నల్లజోడు నేనూ పెట్టుకున్నాను), చేతిగడియారం చూస్తూ అయిదు నిమిషాల్లో మినుము ఎడమ రెప్ప ఎన్నిసార్లు ఆర్పుతుందో లెక్కపెట్టేవాణ్ణి. మొదటిరోజు అరవై ఒకటి. రెండోరోజు నలభై నాలుగు. మూడోరోజు ఇరవై తొమ్మిది. నాలుగోరోజు పదమూడు. చూశారా ఎంత పొందికగా తగ్గుతోందో! సగటున రోజుకి పదహారు తగ్గుతోంది గనక, మిగిలిన పదమూడూ తగ్గడానికి పందొమ్మిదిన్నర గంటలు పడుతుంది. రేపు పదకొండున్నరకి మినుము కన్ను పూర్తిగా నయమవుతుందని ప్రకటించాను. అన్నం ఇంకా తగ్గించిందని అత్త అంటే, జబ్బు పోయేముందు అలాగే ఉంటుందని సర్దిచెప్పాను. (దీనికి మాత్రం లెక్క లేదు, నోటికొచ్చింది చెప్పాను.)

మర్నాడు పదకొండింటికే అత్త, మామయ్య, పిన్నిగారు, నేను నలుగురం నల్లకళ్ళజోళ్ళతో వాకిట్లో చేరాం. కట్టు విప్పాను. అయిదు నిమిషాలు లెక్కపెట్టాను. మినుము రెప్ప ఒక్కసారి కూడా ఆర్పలేదు. సున్నా. గడియారం పైకెత్తి చూపించాను. మామయ్య వచ్చి నా వీపు కూడా తట్టాడు. అత్త మాత్రం జోడు తీసేసి, మినుము ముందు గొంతుక్కూచుని, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"అబ్బాయ్, ఇది అసలు కన్నే తెరవట్లేదురా."

నల్లకుక్క, నల్లరెప్ప, నల్లజోడు. నాలుగు రోజుల నుంచి కన్ను కొంచెం కొంచెంగా మూసుకుపోతుంటే, తెరుచుకోని రెప్ప ఆర్పదు గదా, నా అంకె తగ్గుతూ వచ్చింది. అంతే. చాలా చక్కగా తగ్గింది.

మామయ్యకి తెలిసినవాళ్ళ సామాన్ల ఆటోలో బాపట్ల బయల్దేరాం. మినుము తల అత్త ఒళ్ళో. చెరుకుపల్లి దాటేదాకా అత్త నాతో మాట్లాడలేదు. మామూలుగా నేను కిలోమీటరు రాళ్ళు లెక్కపెడతాను, ఆ రోజు ఒక్క రాయి చూసిన గుర్తు కూడా లేదు. దాటాక మాత్రం, తల తిప్పకుండానే అంది: "దీనికి కన్ను పోతే నాకేం చెప్పొద్దు. దీనికే చెప్పుకో."

బాపట్లలో డాక్టరమ్మ గారు ఎన్నాళ్ళయిందని అడిగారు. నేను రోజువారీ అంకెలు రాసుకున్న నా కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి చదివారు, మళ్ళీ ఒకసారి చదివారు.

"బాగా రాశారండి. నొప్పి రోజురోజుకీ ఎంత పెరిగిందో ఇంత శుభ్రంగా ఎవరూ రాసివ్వలేదు నాకు."

మామయ్య దగ్గొచ్చినట్టు పక్కకి తిరిగాడు. ఆవిడ కంటికి మత్తు చుక్కలు వేసి, రెప్పలు విడదీసి, ముక్కు వైపు మూలన కుక్కలకి ఉండే లోపలి రెప్పని మెల్లగా ఎత్తి, పట్టకారుతో ఒక వడ్ల ఊక ముక్క తీశారు. కొస ముల్లులా ఉంది. గడ్డివామిలో దూరినప్పుడు పడి ఉంటుంది. (మిల్లులో నేను రోజూ బస్తాలకొద్దీ చూసే వస్తువే.) తర్వాత ఏదో రంగు మందు వేసి దీపం చూపిస్తే, నల్లగుడ్డు మీద ఆ ఊక గీసిన గీత పచ్చగా మెరిసింది. ఒక్క కంటికే నీరు కారుతూ కాలితో రుద్దుకుంటుంటే ముందు లోపల ఏదైనా పడిందేమోనని అనుమానించాలనీ, కన్ను సగం మూసిందంటే అది నొప్పేననీ, గుడ్డు మబ్బు కమ్మినట్టయితే ఆ పూటే తీసుకురావాలనీ చెప్పారు. కట్లూ పూలూ ఇక వద్దన్నారు. మనుషుల చుక్కలమందు వేశారా అని అడిగితే, వేయబోయి ఆగామన్నాం. మంచిపని చేశారు, గీత పడ్డ కంట్లో కొన్ని మందులు పడితే కన్నే కరిగిపోతుంది అన్నారు. మామయ్య నా వైపు చూసి, "పోన్లే అల్లుడూ, ఏదో ఒక లెక్కైనా కుదిరింది," అన్నాడు.

రోజుకి ఆరుసార్లు చుక్కలు. రుద్దుకోకుండా మెడకి అడుగు కోసేసిన ప్లాస్టిక్ బకెట్టు. సెలవు పొడిగించి నేనూ అక్కడే ఉన్నాను గాని, మినుము నన్ను దగ్గరికి రానివ్వలేదు. చుక్కలు అత్తే వేసేది. తొమ్మిదో రోజు పొద్దున నేను గట్టు మీద కూర్చుని ఉంటే, అత్త గిన్నె చప్పుడు విని మినుము తలెత్తి, బకెట్టులోంచి రెండు కళ్ళతోనూ ఆవిడ వైపు చూసింది. అత్త గిన్నె కింద పెట్టి కొంగు కళ్ళకి అద్దుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, "తాగు, చల్లారిపోద్ది," అంది. ఆటో ఎక్కాక నాతో అన్న మొదటి మంచిమాట అదే.

ఆ తర్వాత మినుము చాలా ఏళ్ళు బతికింది. నల్లగుడ్డు మీద చిన్న చుక్క మచ్చ మిగిలింది గాని చూపుకి లోటు లేదు. ఎప్పుడు వెళ్ళినా గుమ్మం దాకా వచ్చి తోక ఊపేది. కాని నేను ఎదురుగా కూర్చున్నానంటే చాలు, లేచి, ఒక చుట్టు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చునేది. నేనూ దాని పక్కకి జరిగి, అదెటు చూస్తుంటే అటే చూస్తూ కూర్చునేవాణ్ణి. చేతిగడియారంతో పీట మీద కూర్చున్న ఆ ఇరవైమూడేళ్ళవాడు ఇప్పుడు ఎదురైతే నేనూ అలాగే వీపు తిప్పుతానేమో. కాని వాడు వచ్చి పక్కన కూర్చుంటానంటే, కాస్త చోటిస్తాను.