మెట్టుగూడ మేడ మీద గ్రేసక్క గిటారు

చలి ముదిరిందని మొన్న అటక మీంచి హీటరు దింపి స్విచ్చి వేశాను. ఏడాదిగా తీగల మీద పేరుకున్న దుమ్ము కాలుతూ వాసన కొట్టింది. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీ తెరిచాడు. నేను మాత్రం కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చున్నాను. గ్రేసక్క ఆంప్లిఫయరు వేడెక్కేటప్పుడు అచ్చం ఇదే వాసన వచ్చేది. వెనక జాలీలోంచి గాజు వాల్వులు మెల్లగా నారింజ రంగుకు తిరుగుతుంటే నేను తొందరపడి తీగ మీటబోయేదాన్ని. "ఆగవే సుధా, అవింకా నిద్ర లేవలేదు" అనేది.

మెట్టుగూడలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక మేడ మీద మా వాటా, వాళ్ళ వాటా పక్కపక్కనే ఉండేవి. గ్రేసక్క ఆస్పత్రిలో నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిపంతులుగా స్థిరపడిన తండ్రి పోయాక ఒక్కతే ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకుని, టీ తాగి, ఎలక్ట్రిక్ గిటారు మెడకు తగిలించుకునేది. క్లబ్బుల్లో వాయించి విడిపోయిన ఒక బృందం దగ్గర తీసుకున్న ఆంప్లిఫయరు ఆమెది. దాని శబ్దం పెంచే మీట సగం దాటాక గిటారు గొంతే మారిపోయేది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన మనిషి ఇక తెరిపిన పడి పాడుతున్నట్టుండేది. అప్పుడే మారేడ్‌పల్లిలో టైపిస్టుగా చేరిన నేను, నోట్లో మాట నోట్లోనే నమిలే మనిషిని. ఆ గొంతు విని వాళ్ళ గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె లోపలికి రమ్మని గిటారు నా ఒళ్ళో పెట్టింది. మా నాన్నకు ఇది బొత్తిగా నచ్చలేదు.

కింది వాటాలోకి యాదగిరి అన్న కుటుంబం దిగడంతో చిక్కు మొదలైంది. ఆయన రైలింజను డ్రైవరు. ఒక మధ్యాహ్నం ఎర్రబడ్డ కళ్ళతో మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, జెర ఇనుండ్రి. రాత్రంత బండి నడిపి వచ్చిన. గిప్పుడు నిద్ర పోకుంటే మల్ల డ్యూటీల కండ్లు మూతలు పడ్తయి. మీరు మంచిగనే వాయిస్తుండ్రు గని, మాకు పెద్ద పరేషాన్ అయితుంది."

అక్క ముఖం పాలిపోయింది. "తప్పయింది తమ్ముడూ. నేనూ నైట్ డ్యూటీలు చేసేదాన్నే, పగటి నిద్ర సంగతి నాకు తెలియాలి. నువ్వెళ్ళి పడుకో" అంది. ఆయన దిగిపోయాక ఆంప్లిఫయరు మీటను బాగా తగ్గించేసి, "బండి మీద ఆయన కళ్ళు మూతపడితే ఎంతమంది ప్రాణాలే!" అంది.

తగ్గిస్తే శబ్దంతో పాటు ప్రాణమూ పోయింది. గిటారు నీళ్ళ మజ్జిగలా పలికింది. వాల్వులను కష్టపెడితేనే ఆ బొంగురు తీపి పుడుతుందనీ, అవి కష్టపడితే ఇల్లంతా అదురుతుందనీ అక్క నాకు వివరించింది. అటు చర్చిలోనూ అదే తంటా. శుభ శుక్రవారం ఆరాధనలో ఏటా ఆమె ఒక్కతే ఒక కీర్తన వాయించేది. ఆ ఏడు పాస్టరుగారు నొచ్చుకుంటూనే చెప్పారు: "గ్రేసమ్మా, పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు. ఈసారికి మామూలు గిటారు తెచ్చుకో తల్లీ."

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి ప్రయోగాలు. స్పీకరును ట్రంకు పెట్టెలో పెట్టి బొంతలు కప్పాం. ముసుగులో మూలుగుతున్నట్టు వినిపించింది. ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ మధ్య, శక్తిని కొంత మింగేసే వేడితీగ చుట్ట ఒకటి కట్టింది అక్క. చిన్నప్పుడు తండ్రి సరదాగా రేడియోలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న పనితనం అది. మొదటి రోజు బాగానే పలికింది. మేమిద్దరం ఎగిరి గంతేశాం. కానీ రెండో రోజు పాట మధ్యలో అతుకు ఊడింది. వాల్వు ఆంప్లిఫయరుకు స్పీకరు తగిలి ఉండకపోతే దాని శక్తి దాన్నే కాల్చేస్తుందట. కమురు వాసన వచ్చింది. అక్క పరుగున వెళ్ళి ప్లగ్గు లాగేసింది గానీ, అప్పటికే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది. దాని తీగ మళ్ళీ చుట్టి ఇచ్చేవాళ్ళు ఊళ్ళో దొరకలేదు.

వారం రోజులు గిటారు మేకుకే వేలాడింది. తర్వాత ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క తండ్రిగారి పాత వాల్వు రేడియోను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. రోజూ వార్తల వేళకు ఆయన చెవి ఆనించి కూర్చునేవాడట. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"దీనిలో వాల్వులు చిన్నవే. ఎంత కష్టపెట్టినా గది దాటి అరవలేవు" అంది.

"మరి నాన్నగారి రేడియో కదక్కా..."

కాసేపు దాని పైచెక్కను అరచేత్తో నిమిరింది. "ఊరికే ఉంచితే మాత్రం ఆయన వింటాడా ఏంటే?" అని స్క్రూడ్రైవరు అందుకుంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదనుకుంది.

చచ్చిన ఆంప్లిఫయరులోంచి ఒక చిన్న వాల్వు తీసి, గిటారు బలహీనమైన పలుకును ముందు పెంచడానికి, రేడియోలో అమర్చింది. ఆదివారం మధ్యాహ్నం మీటను చివరికంటా తిప్పి ఒక తీగ లాగింది. అదే గొంతు! బొంగురు, తీపి, అన్నీ ఉన్నాయి. శబ్దం మాత్రం ఇద్దరు మనుషులు కబుర్లు చెప్పుకున్నంతే. పిచ్చిదాన్లా నవ్వుతూ గంటకు పైగా వాయించింది. సాయంత్రం యాదగిరి అన్న ఆవులిస్తూ పైకి వచ్చాడు.

"ఏందక్కా, గీ నడుమ వాయిస్తలేరు? నా మీద కోపమొచ్చిందా?"

"ఇంతసేపూ వాయిస్తూనే ఉన్నా తమ్ముడూ!"

ఆయన నమ్మలేదు. అక్క వాయించి చూపించింది. చేతులు కట్టుకుని నిలబడే విన్నాడు. ఆఖర్న, "గిట్లయితే రోజూ వాయించుర్రి. మా ఇంటామెను సుత తోల్కొస్త" అన్నాడు.

శుభ శుక్రవారం నాడు చర్చిలో ఆ రేడియోను స్టూలు మీద పెట్టి, ముందు పాస్టరుగారి మైకు నిలబెట్టాం. చెవులు మూసుకుంటారనుకున్న పెద్దలు వినడానికి ముందుకు వంగారు. నేను పక్కన మామూలు గిటారు మీద తాళానికి తోడు స్వరాలు వాయించాలి. భయంతో తీగలను తాకీ తాకనట్టు మీటుతుంటే అక్క నా వైపు వంగి, "చిన్నగా వాయించు. సగం వాయించకు" అంది.

ఆ తర్వాత మా నాన్న గిటారు మానెయ్యమన్నప్పుడు మొదటిసారి ఎదురు చెప్పాను. ఏడవలేదు, అరవలేదు. "నాకిది కావాలి నాన్నా, మాననుగాక మానను" అన్నాను, మామూలు గొంతుతోనే. ఆయన నా ముఖం చూసి పేపరు తిప్పుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఏళ్ళ తర్వాత, చివరి రోజుల్లో గొంతు ఆపరేషనయ్యాక అక్క మాట గుసగుసకు దిగింది. చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ ఆమెకు మాటతో పాటు వినికిడీ పోయిందన్నట్టు గట్టిగట్టిగా ధైర్యం చెబుతున్నారు. ఆమె నన్ను దగ్గరికి రమ్మని, "వీళ్ళని కాస్త బయటికి పంపవే, చెవులు పగుల్తున్నయ్" అంది. గదిలో అందరికీ వినిపించింది. అందరూ నవ్వారు, అందరికంటే ముందు ఆమే.

అక్క పోయి చాలాకాలమైంది. ఉద్యోగంలో నా పైవాళ్ళతోనూ, ఇంట్లో నా వాళ్ళతోనూ గొడవలు పడకుండా ఏమీ బతకలేదు నేను. గొంతు పెంచాల్సిన అవసరం మాత్రం ఎక్కువగా రాలేదు. చెప్పదలచుకున్న మాటను మధ్యలో మింగేసి లేచి వచ్చిన రోజూ లేదు.