పప్పు అంటే ఎడమ, పులుసు అంటే కుడి

పోయిన వారమే డిగ్రీ పట్టా అందుకున్నాను. మా ఇంట్లో కాలేజీ చదివిన మొదటివాణ్ణి నేనే! ఆ హుషారులోనే ఇది రాస్తున్నాను.

మాది కడప. నాన్న కువైట్‌లో, షువైఖ్ రేవులో లారీ నడుపుతాడు. నేను చదివిందీ కువైట్‌లోనే. మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు నేను కెప్టెన్ని. ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి. ఎటు పరుగెత్తబోతున్నామో అవతలివాళ్లకు తెలియకూడదని నేను తెలుగులో అరిచేవాణ్ణి. ‘పప్పు’ అంటే ఎడమకు, ‘పులుసు’ అంటే కుడికి. మా ఈజిప్టు కుర్రాళ్లు కూడా నేర్చేసుకున్నారు. ఫైనల్ దాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు.

ఫైనల్‌కి నాన్న మొదటిసారి వచ్చాడు. ఆట అర్థం కావాలని ఆయనకు ముందే అన్నీ చెప్పాను, మా పప్పు, పులుసుల అర్థంతో సహా. సగం ఆట వరకూ గెలుపు మాదే. ఆ తర్వాత నేను ‘పప్పు’ అనగానే అవతలి జట్టంతా మా ఎడమవైపు అడ్డం నిలబడింది! ‘పులుసు’ అన్నా అంతే. మావాళ్లలోనే ఎవడో మమ్మల్ని అమ్మేశాడనుకున్నాను. ఓడిపోయాం.

బయటికొస్తే నాన్న వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

“ఏం రా, మొగం అట్ల పెట్టినావు? నా పక్కన నిలబడిన టోపీ సారు, నువ్వు అరిచే ఒక్కో మాటకీ అర్థం అడిగినాడు. అరబ్బీలో అంతా చెప్పినా. నా కొడుకే అని గూడా చెప్పినా!”

ఆ టోపీ సారు అవతలి జట్టు కోచ్.

నమ్మకద్రోహం ఇంత ప్రేమగా కూడా జరుగుతుందని ఆ రోజే తెలిసింది. నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ పేజీ ఆయన కంటపడకుండా దాచాలి.