తోడు వెళ్ళిన నోరు

కాస్త దగ్గరగా జరిగి, వెలుతురు మొహాన పడేలా కూర్చోండి, చెబుతాను. వెలుతురు ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

యానాంలో ఫ్రెంచివాళ్ళ జెండా దిగిన మరుసటేడు మాఘమాసంలో, మా ఆయన అక్కగారు సూరమ్మ వదినను తీసుకుని విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆవిడ అంగిట్లో పుండు లేచి ఎంతకీ మానలేదు. మా వైపు ఆడవాళ్ళం అడ్డపొగ తాగుతాం. అంటే చుట్ట నిప్పు నోటిలోపలే పెట్టుకుంటాం. గోదావరి గాలికి ఆరదు, బూడిద పనిమీద రాలదు. వదినది రాచపుండేమోనని అందరికీ అనుమానమే గాని, ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

తెల్లవారుజామున మొదటి బస్సుకి కాకినాడ, అక్కణ్ణుంచి రైల్లో సామర్లకోట చేరాం. పదకొండు దాటాక వాల్తేరు బండి దొరికింది. పెట్టెలో కూర్చున్నాక నేను పులిహోర విప్పాను. వదిన కారం నోట పెట్టలేదు. చల్లన్నం మెదిపి మజ్జిగతో మింగింది, మింగినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

తునిలో తమలపాకుల బుట్టతో ఎక్కినావిడ అది చూసి, "అంగిట్లో పుండా? కత్తి తగిలితే పాకేత్తదంట. మా పెద్దమ్మ అలాగే పోయింది" అంది.

వదిన కిటికీ వైపు తిరిగిపోయింది. వచ్చే స్టేషన్లోనే దిగి వెనక్కి వెళ్ళిపోదామంటుందేమోనని నాకు ఒకటే దడ.

ఆ రాత్రికి స్టేషను దగ్గర సత్రంలో ఉన్నాం. మీరెవరైనా వెళితే తెల్లారకుండానే ఆసుపత్రి గుమ్మంలో ఉండండి, ఎండెక్కితే చీటీ దొరకదు. మాకు దొరికింది. వదినను లోపలికి పిలిచి, నన్ను వరండాలో ఉండమన్నారు. ఆత్రం పట్టలేక స్తంభం చాటున చుట్ట వెలిగించి నిప్పు నోట్లో పెట్టుకున్నాను.

ఇంతలో, లోపల మసగ్గా ఉందని, పెద్ద డాక్టరుగారు వదినను వరండా వెలుతురులోకి తెచ్చారు. వెనకాల డాక్టరీ చదివే పిల్లలు. అడగకుండా ఎవరి నోరూ తెరిపించకూడదని వాళ్ళకి చెప్పి, ఈ పిల్లలు చూసి నేర్చుకోవచ్చా అని ఆయన వదినను అడిగారు.

వదిన నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. "చూడండి బాబూ. ఇది రాచపుండో కాదో మాత్రం నా మొహం మీదే చెప్పండి. ఇంట్లో ఎవరూ చెప్పట్లేదు."

నేను తల దించుకున్నాను.

"అదేననిపిస్తోందమ్మా. చిన్న ముక్క తీసి చూస్తేగాని రూఢిగా చెప్పలేను. ముదరకుండానే వచ్చావు" అన్నారాయన.

తర్వాత, పుండు ఎన్నాళ్ళనుంచని నన్ను అడిగారు. నోట్లో నిప్పుతో ఏం చెప్పను? మళ్ళీ అడిగారు. ఈవిడెందుకు పలకదో చెప్పండని పిల్లల వైపు తిరిగారు. చెవుడేమో అన్నాడొకడు. భయమేమో అంది ఒక అమ్మాయి.

అంత బాధలోనూ వదిన నవ్వింది. "దానికి చెవుడూ లేదు, భయమూ లేదు. నోట్లో నిప్పుంది. లేపోతే ఈపాటికి రామాయణమంతా చెప్పేసేది."

సిగ్గుతో చుట్ట తీశాను. ఆయన కోప్పడలేదు. "రోగిని చూసి, తోడొచ్చినవాళ్ళని వదిలేస్తే సగమే చూసినట్టు" అని పిల్లలకు చెప్పి, నన్నూ అడిగి నోరు తెరిపించారు.

"తెల్లమచ్చ ఉందండి" అంది ఆ అమ్మాయి. అలాంటి మచ్చే ఒక్కోసారి రాచపుండవుతుందన్నారు డాక్టరుగారు.

వదినది రాచపుండేనని తేలింది. కోసి తీసేశారు, తర్వాత మిగిలింది మాడిపోవడానికి కిరణాలు పట్టే కరెంటు వైద్యం చేశారు. నన్ను చుట్ట మానెయ్యమని, మచ్చ చూపించుకోవడానికి మళ్ళీ మళ్ళీ రమ్మనీ అన్నారు. వదినకు తిరగబెట్టదని మాత్రం మాట ఇవ్వలేదు.

ఉగాది వెళ్ళాక తిరుగుబండి ఎక్కాం. ఎదుటి బల్లమీద ఒకావిడ పెదాలు బిగించి కూర్చుంది, వాటి మూలనుంచి సన్నగా పొగ. వదిన ఆవిడ పక్కకి జరిగింది. అంగుడు కోసినప్పటినుంచీ వదిన మాట ముక్కుతో వస్తోంది.

"ఏమనుకోకపోతే అడుగుతానమ్మా. వెలుతురుకేసి తిరిగి నోరు తెరుస్తావా?"

ఆవిడ వదినను చూసింది, నన్ను చూసింది. చివరికి చుట్ట తీసింది.

నా మచ్చ ఇంకా ఉంది. చూపించుకోవడానికి వెళ్ళే ముందు రోజు నాకు అన్నం సహించదు. సరే, ఏమనుకోకండి, వెలుతురులోనే ఉన్నారుగా, మీరూ ఒక్కసారి నోరు తెరవండి. మీ పొయ్యిలో నిప్పు ఎన్నడూ ఆరకూడదు, ఆ నిప్పు మీ ఇంట ఎవరి నోటికీ చేరకూడదు. మీ ఇల్లు చల్లగా ఉండాలి.